కెన్సల్ గ్రీన్‌లో బ్రౌన్ దొర పొరుగువారు

బ్రౌన్ దొర అనగానే మనకు కడప గుర్తుకొస్తుంది. అక్కడి బంగళా, అందులో సొంత డబ్బుతో పోషించిన పండితులు, తాళపత్రాల కట్టలు, వేమన పద్యాలు, ‘బ్రౌణ్యం’ అని మనం ముద్దుగా పిలుచుకునే నిఘంటువు, అన్నీ ఆ ఊరితో ముడిపడి కళ్లముందుకు వస్తాయి. ఆ మనిషి మాత్రం 1884 డిసెంబరు 12న లండన్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 86 ఏళ్లు. సమాధి పశ్చిమ లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది.

ఆ శ్మశానంలో ఉన్న ప్రముఖుల జాబితాలకు కొదవ లేదు. ఏ జాబితా తీసినా ముందు వరుసలో రైలుమార్గాలు, వంతెనలు, ఓడలు కట్టిన ఇంజినీరు ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ ఉంటారు. కంప్యూటర్ కథ మొదలుపెట్టేటప్పుడు అందరూ తలచుకునే చార్లెస్ బ్యాబేజ్ ఉంటారు. థాకరే, ట్రోలప్, విల్కీ కాలిన్స్ వంటి నవలా రచయితలు, నయాగరా మీద తాడు కట్టి నడిచిన బ్లాండిన్ ఆ వెంటనే వస్తారు. మన బ్రౌన్ పొడుగాటి జాబితాల్లో ఎక్కడో మధ్యన కనిపిస్తారు, పొట్టివాటిలో కనిపించరు. అందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. కాని ఈ జాబితాల్ని కాస్త గోకి చూస్తే, ‘ఫలానా వారి సమాధి ఇక్కడ ఉంది’ అన్న చిన్న వాక్యం ఎన్ని రకాల సంగతుల్ని ఒకే మూటలో కట్టేస్తుందో అర్థమవుతుంది.

మొదటి చిక్కు పేరుతోనే. కెన్సల్ గ్రీన్ అన్నది ఒక పేట. ఆ పేటలో పక్కపక్కనే రెండు శ్మశానాలున్నాయి. ఒకటి 1833 జనవరిలో మొదలైన పెద్దది, దాదాపు 72 ఎకరాలు. దానికి సర్వాత్మల శ్మశానమని అసలు పేరు. గోడ అవతల ఉన్నది సెయింట్ మేరీస్ కేథలిక్ శ్మశానం, 1858లో తెరిచారు. యాజమాన్యం వేరు, రిజిస్టర్లు వేరు. క్రిమియా యుద్ధంలో సైనికులకు సేవచేసిన జమైకా మహిళ మేరీ సీకోల్‌ను ‘కెన్సల్ గ్రీన్‌లో’ ఖననం చేశారని చదివి పెద్ద శ్మశానంలో వెతికితే రోజంతా తిరిగినా దొరకరు. ఆమె ఉన్నది కేథలిక్ శ్మశానంలో. రెండు పేర్లూ కలిపేసిన జాబితాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవే.

దీనికి బ్రౌన్ దగ్గరే మంచి పోలిక దొరుకుతుంది. ఒక కావ్యానికి ఒకే ప్రతి దొరికితే ఆయన దాన్ని నమ్మేవారు కాదు. ఊరూరా మనుషుల్ని పంపి వీలైనన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించి, పాఠభేదాలు గుర్తించి, అప్పుడు శుద్ధప్రతి రాయించేవారు. ఒక లేఖకుడు చేసిన తప్పును తర్వాతి పదిమంది భక్తిగా ఎత్తిరాస్తారని ఆయనకు అనుభవం మీద తెలుసు. శ్మశానాల జాబితాలకూ సరిగ్గా ఇదే జబ్బు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. రాయి ఉన్నచోటల్లా మనిషి ఉన్నట్టు కాదు.

లండన్ వీధుల్లో గ్యాసు దీపాలు వెలిగించిన ఫ్రెడరిక్ ఆల్బర్ట్ విన్సర్‌కు కెన్సల్ గ్రీన్‌లో స్మారకం ఉంది. ఆయన 1830లో పారిస్‌లో చనిపోయారు, అక్కడి పేర్ లాషేజ్ శ్మశానంలోనే ఖననం చేశారు. అంటే కెన్సల్ గ్రీన్ తెరవడానికి మూడేళ్ల ముందే ఆయన మట్టిలో కలిశారు. సహకారోద్యమ పితామహుడిగా పేరున్న రాబర్ట్ ఓవెన్ సంగతీ ఇంతే. ఆయన పుట్టిందీ, పోయిందీ, సమాధి అయిందీ వేల్స్‌లోని న్యూటౌన్‌లో. అయినా ఆయన స్మారకస్తంభం కెన్సల్ గ్రీన్‌లో నిలబడి ఉంది, పక్కనే సంస్కర్తల పేర్లు చెక్కిన మరో స్తంభం. శరీరం లేకుండా నిలిపే ఇలాంటి వాటిని శూన్యసమాధులు అనవచ్చు. చదివేవాడు జాగ్రత్తగా ఉండకపోతే వీటి పేర్లన్నీ ఖననమైనవారి పద్దులో చేరిపోతాయి.

మన భాషలో ఈ గందరగోళం ఇంకాస్త ఎక్కువ. సమాధి అంటే గోరీ, సమాధి అంటే యోగి చేరుకునే స్థితి, సమాధి అంటే స్మారకం కూడా. రాజ్‌ఘాట్‌ను గాంధీ సమాధి అని అలవోకగా అనేస్తాం. అక్కడున్నది ఆయన్ను దహనం చేసిన చోటు మాత్రమే.

దహనం మాట వచ్చింది కాబట్టి ఫ్రెడ్డీ మెర్క్యురీ సంగతీ చెప్పాలి. జాంజిబార్‌లో పార్సీ కుటుంబంలో ఫరోక్ బుల్సారాగా పుట్టిన ఆ గాయకుణ్ణి 1991 నవంబరులో కెన్సల్ గ్రీన్ ఆవరణలోని దహనవాటికలో దహనం చేశారు. ఆ దహనవాటిక 1939 నుంచి ఉంది. 2013లో ఆయన అసలు పేరుతో ఒక చిన్న ఫలకం అక్కడ కనబడింది. అభిమానులు గుంపులు గుంపులుగా వచ్చారు. కొద్దికాలానికే ఫలకం మాయమైంది. చితాభస్మం ఎక్కడ ఉంచారో సన్నిహితులు బయటపెట్టలేదు. ఇప్పుడు ఆయన్ను ‘కెన్సల్ గ్రీన్ ప్రముఖుల’లో వేయాలా వద్దా? అక్కడ జరిగింది అంత్యక్రియ మాత్రమే కాబట్టి నేనైతే వేయను.

బ్యాబేజ్‌ది మరీ విచిత్రం. ఆయన 1871లో పోయారు, సమాధి నిజంగానే కెన్సల్ గ్రీన్‌లో ఉంది. మెదడు మాత్రం అక్కడ లేదు. దాన్ని తీసి భద్రపరిచారు. ఒక సగం లండన్ శస్త్రవైద్యుల కళాశాలకు చెందిన హంటేరియన్ మ్యూజియంలో, ఇంకో సగం సైన్సు మ్యూజియంలో ఉన్నాయి. జీవితమంతా లెక్కలు కట్టే యంత్రం కోసం తపించిన మనిషికి ‘ఎక్కడున్నారు’ అన్న ప్రశ్నకు మూడు చిరునామాలు చెప్పాల్సివస్తోంది.

ఇక భూమిలో పూడ్చకుండానే శ్మశానంలో ఉన్నవాళ్లున్నారు. ఆంగ్లికన్ ప్రార్థనాలయం కింద నేలమాళిగలు తవ్వి, గోడల్లో అరలు కట్టారు. పైన ప్రార్థన పూర్తికాగానే నీటి ఒత్తిడితో పనిచేసే వేదిక శవపేటికతో సహా మెల్లగా కిందికి దిగేది. నేలమాళిగలో పెట్టే పేటికకు సీసపు రేకు తొడిగి అతకాలని నియమం. వైద్యపత్రిక లాన్సెట్ స్థాపించిన థామస్ వేక్లీ ఉన్నది అలాంటి అరలోనే. అరలు కొనగలిగినవాళ్లు డబ్బున్నవాళ్లు. లేనివాళ్లకు ఉమ్మడి గోతులు ఉండేవి, ఒకరిమీద ఒకరు, పైన రాయి లేకుండా. మొత్తం సమాధులు సుమారు 65 వేలు, వాటిలో ఉన్నవారు సుమారు రెండున్నర లక్షలు అని లెక్క. సగటున ఒక్కో గోతికి దాదాపు నలుగురు. కాబట్టి ‘ఫలానావారి సమాధి’ అన్నా అది చాలాసార్లు ఆయనొక్కడిదే కాదు. బ్రూనెల్ కూడా 1849లో పోయిన తండ్రి మార్క్ బ్రూనెల్ ఉన్న కుటుంబ సమాధిలోనే చేరారు.

సరే, ఇంతమంది పేరున్నవాళ్లు ఒకేచోట ఎందుకు చేరారు? దీనికి జవాబు పూర్తిగా వ్యాపారంలో ఉంది.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో లండన్ జనాభా విపరీతంగా పెరిగింది, చర్చిల ఆవరణలు మాత్రం అంతే ఉన్నాయి. పాత శవం మట్టిలో కలవకముందే కొత్తదానికి గొయ్యి తవ్వాల్సిన పరిస్థితి. వైద్యకళాశాలలకు అమ్ముకోవడానికి శవాలను ఎత్తుకుపోయే దొంగలు ఒకవైపు, 1831–32లో వచ్చిపడిన కలరా ఇంకోవైపు. జార్జ్ ఫ్రెడరిక్ కార్డెన్ అనే న్యాయవాది పారిస్‌లోని పేర్ లాషేజ్ చూసివచ్చి, మనకూ ఊరి వెలుపల తోటలాంటి శ్మశానం కావాలని ఏళ్ల తరబడి పట్టుబట్టారు. 1832లో పార్లమెంటు చట్టంతో జనరల్ సిమెట్రీ కంపెనీ ఏర్పడింది. అది వాటాదారులున్న లాభాపేక్ష సంస్థ. శ్మశానం ఇప్పటికీ దాని చేతిలోనే ఉంది.

అయితే శ్మశానానికి గిరాకీ రావాలంటే ముందు గొప్పవాళ్లు రావాలి. పారిస్ వాళ్లు ఈ కిటుకు అప్పటికే కనిపెట్టారు. 1804లో తెరిచిన పేర్ లాషేజ్ ఊరికి దూరమని జనం మొదట్లో పెదవి విరిచారు. అప్పుడు ఫ్రెంచి నాటకకర్త మోలియేర్, కవి లా ఫొంటేన్‌లవని చెప్పే అస్థికలను 1817లో అక్కడికి తరలించారు. ఆ తర్వాత చోటు కోసం జనం పోటీపడ్డారు. కెన్సల్ గ్రీన్‌కు ఆ అదృష్టం దానంతట అదే వచ్చింది. 1843లో రాజకుటుంబానికి చెందిన ససెక్స్ డ్యూక్ చనిపోయారు. ఆయన పెళ్లి, రాజు అనుమతి లేకుండా రాచకుటుంబీకులు పెళ్లాడకూడదనే రాచవివాహాల చట్టానికి విరుద్ధం కాబట్టి, రాజకుటుంబీకులను ఉంచే విండ్సర్‌లో ఖననమైతే భార్య పక్కన ఉండే వీలుండదు. అందుకని సామాన్య ప్రజల శ్మశానంలోనే పెట్టమన్నారు. అయిదేళ్ల తర్వాత సోదరి సోఫియా ఎదురుగా వచ్చి చేరారు. రాజుగారి బిడ్డలు ఉన్నచోట ఉండటానికి ఏ ధనవంతుడు కాదంటాడు? ప్రధాన దారి వెంట ఒకదాన్ని మించి ఒకటి మండపాలు లేచాయి. మర్దనలతో క్షయ నయంచేస్తానని చెప్పి రోగుల ప్రాణాలమీదికి తెచ్చి, కోర్టుకెక్కి, చివరికి తానే క్షయతో పోయిన జాన్ సెయింట్ జాన్ లాంగ్ అనే నకిలీ వైద్యుడికీ అక్కడ ఘనమైన కట్టడం ఉంది. ప్రముఖుడు అన్న మాటకు మంచివాడని అర్థం లేదు, గుర్తుంచుకోవాలి.

బ్రౌన్ ఇక్కడికి రావడానికి ఇంత కథ లేదు. దగ్గరగా ఉంది కాబట్టి వచ్చారు, అంతే. ఉద్యోగ విరమణ తర్వాత, 1855 నుంచి చనిపోయేదాకా ఆయన లండన్‌లోనే ఉన్నారు. లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా పనిచేశారు. చివరి నివాసం బేస్‌వాటర్ ప్రాంతంలోని కిల్డేర్ గార్డెన్స్. ఇండియాలో కొలువు చేసి తిరిగొచ్చిన దొరలు ఆ ప్రాంతంలో ఎంతగా స్థిరపడ్డారంటే, దానికి ‘చిన్న ఆసియా’ అని ఎగతాళి పేరుండేది. వాళ్లందరికీ అందుబాటులో ఉన్న శ్మశానం కెన్సల్ గ్రీన్. అందుకే అక్కడి రాళ్లమీద మద్రాసు, బెంగాల్ పేర్లు కనబడటంలో వింత లేదు. బెంగాల్ సైన్యంలో పనిచేసిన విలియం కేస్‌మెంట్ స్మారకం ఒకటి చూసినవాళ్లు మరచిపోరు. పైకప్పును నాలుగు మూలలా మోస్తూ తలపాగాలు చుట్టుకున్న నలుగురు భారతీయుల విగ్రహాలు నిలబడి ఉంటాయి. దొర పేరు ఉంది, బిరుదులున్నాయి. మోస్తున్న నలుగురికీ పేర్లు లేవు.

పేరున్న భారతీయుడు ఒకరు ఇదే శ్మశానంలో ఉన్నారు: ద్వారకానాథ్ టాగూర్, రవీంద్రుడి తాత. కలకత్తాలో కార్, టాగూర్ కంపెనీ పెట్టిన ధనికుడు. రెండోసారి ఇంగ్లండ్ వచ్చి 1846 ఆగస్టు 1న లండన్‌లో చనిపోయారు. హిందువును ఎందుకు పూడ్చారు అని అడిగేవాళ్లుంటారు. వేరే దారి లేదు కాబట్టి. ఆ కాలంలో ఇంగ్లండులో శవదహనం అన్న ఆచారమే లేదు, అది చట్టసమ్మతమో కాదో తేల్చినవాళ్లూ లేరు. 1833లో బ్రిస్టల్‌లో మరణించిన రామమోహన్ రాయ్‌నూ పూడ్చే పెట్టారు. పదేళ్ల తర్వాత ఆ శరీరాన్ని ఆర్నోస్ వేల్ శ్మశానానికి మార్పించి, పైన మనదేశపు ఛత్రీలాంటి మండపం కట్టించే ఏర్పాటు చేసింది ఎవరో కాదు, ఈ ద్వారకానాథే. మిత్రుడి సమాధికి మండపం ఎత్తించిన మూడేళ్లకే తాను అదే దేశపు మట్టిలోకి వెళ్లారు.

దహనం చిక్కుముడి విడింది 1884లో. ఆ ఏడాది జనవరిలో వేల్స్‌లో విలియం ప్రైస్ అనే ముసలి వైద్యుడు చనిపోయిన తన పసిబిడ్డను కొండమీద దహనం చేయబోతే జనం అడ్డుకున్నారు, పోలీసులు పట్టుకున్నారు. కార్డిఫ్‌లో విచారణ జరిపిన న్యాయమూర్తి స్టీఫెన్, ఇతరులకు ఉపద్రవం కలిగించనంతవరకు దహనం నేరం కాదని తీర్పిచ్చారు. మరుసటి ఏడాది మార్చిలో వోకింగ్ దహనవాటికలో మొదటి దహనం జరిగింది. బ్రౌన్ పోయింది ఈ రెండింటి మధ్యన.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ద్వారకానాథ్ పుట్టింది కలకత్తాలో, 1794లో. బ్రౌన్ పుట్టిందీ కలకత్తాలోనే, 1798లో. తండ్రి డేవిడ్ బ్రౌన్ అక్కడ మతాచార్యుడు. నవలాకారుడు థాకరే పుట్టింది 1811లో, అదీ కలకత్తాలోనే. ముగ్గురూ తేలింది పశ్చిమ లండన్‌లో ఒకే ప్రహరీ లోపల. లండన్ జాబితాల్లో థాకరే ముందుంటారు. బెంగాలీవాడు రాస్తే ద్వారకానాథ్ ముందుంటారు. తెలుగువాడు రాస్తే బ్రౌన్ తర్వాతే ఎవరైనా. జాబితా శ్మశానానికి సంబంధించినదిగా కనిపిస్తుంది గాని, నిజానికి అది రాసేవాడి భాషకు సంబంధించినది.

పోనీ రాతినే నమ్ముదామా అంటే, రాయి కూడా చెప్పదలచుకున్నదే చెబుతుంది. సైనిక వైద్యుడు జేమ్స్ బ్యారీ 1865లో చనిపోయారు. శవానికి స్నానం చేయించిన మనిషి ద్వారా ఆయన ఆడశరీరంతో పుట్టారన్న సంగతి బయటపడి దేశమంతా గుప్పుమంది. సమాధిరాయి మీద మాత్రం డాక్టర్ జేమ్స్ బ్యారీ, సైనిక ఆసుపత్రుల ఇన్‌స్పెక్టర్ జనరల్ అనే ఉంది. బతికినన్నాళ్లూ ఆయన నిలబెట్టుకున్న పేరు, హోదా అవే. ఆ రాయి ఆయన మాటే నిలబెట్టింది అంటాను.

విల్కీ కాలిన్స్ రాయి ఇంకో రకం. ఆయన పెళ్లి చేసుకోలేదు, ఇద్దరు స్త్రీలతో రెండు కాపురాలు నడిపారు. 1889లో ఆయన పోయాక రాతిమీద పేరు, తేదీలు, తన నవలల్లో ఒకదాని పేరు చెక్కారు. ఆరేళ్ల తర్వాత కరొలైన్ గ్రేవ్స్‌ను అదే గోతిలో పెట్టారు. ఆమె పేరు రాతి మీదికి ఎక్కలేదు. ఆ తర్వాత ఆ సమాధిని శుభ్రం చేస్తూ చూసుకుంది రెండో ఆమె, మార్తా రడ్. శ్మశానం రిజిస్టరు తెలిసినవాడికే ఆ రాతి కింద ఇద్దరున్నారని తెలుస్తుంది.

ఈ చూసుకోవడం అన్నదే చివరి చిక్కు. కంపెనీ శాశ్వత హక్కుతో చోటు అమ్మింది, నిజమే. అయితే హక్కు వేరు, బాగోగులు వేరు. రాయి కుటుంబానిది. అది ఒరిగినా, పగిలినా, అక్షరాలు చెరిగినా ఎత్తి నిలపాల్సింది వారసులే. లండన్ నేల బంకమట్టి. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది, మీదున్న రాళ్లను ఏటా కాస్త కాస్త పక్కకు వంచుతుంది. నూరేళ్లు గడిచాయంటే నిటారుగా నిలిచిన రాయి అరుదు. వారసులు లేని సమాధి మీదికి ఐవీ తీగ పాకడానికి అంత కాలం కూడా అక్కర్లేదు. బ్రౌన్ పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు.

అలాంటి సమాధులకు రక్తసంబంధం లేని బంధువులు పుట్టుకొస్తేనే దిక్కు. మేరీ సీకోల్ సమాధి అలాగే మరుగున పడిపోయింది. ఆమె పోయిన తొంభై ఏళ్లకు, 1973లో, జమైకా మహిళలు, నర్సులు పూనుకుని దాన్ని బాగుచేయించారు. ఆమె పేరు ఇంగ్లండ్ పాఠ్యపుస్తకాల్లోకి, విగ్రహాల్లోకి ఎక్కింది అంతా ఆ తర్వాతే. పేరు వచ్చాక సమాధి వెతకలేదు, సమాధి దొరికాక పేరు తిరిగొచ్చింది. బ్రౌన్‌కు కడపలో ఇలాంటి బంధువు దొరికారు. ఎర్రముక్కపల్లిలో ఆయన బంగళా శిథిలమైన చోట గ్రంథాలయం లేవడానికి జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఎంత తిరిగారో ఆ ఊళ్లో చదువుకున్నవాళ్లకు తెలుసు. కెన్సల్ గ్రీన్‌లోనూ బ్రౌన్‌ను వెతుక్కుంటూ వెళ్లేది తెలుగువాళ్లే.

వెళ్లేవాళ్లకు ఒక మాట. గేటు దగ్గర బ్రౌన్ అని మాత్రమే అడిగితే లాభం లేదు. మన దగ్గర వెంకటేశ్వర్లు ఎంతమందో అక్కడ బ్రౌన్లు అంతమంది. చార్లెస్ ఫిలిప్ అని పూర్తిపేరు, 1884 డిసెంబరు అని నెల చెప్పాలి. రిజిస్టరులో సమాధి సంఖ్య, చదరం, వరుస అని మూడు అంకెలు ఉంటాయి. మూడూ కాగితం మీద రాసుకుని, చదరం గుర్తుపట్టి, అక్కడినుంచి వరుసలు లెక్కపెట్టుకుంటూ పోవాలి. దారి వదిలి గడ్డిలోకి దిగాక బంకమట్టి చెప్పులకు పట్టుకుంటుంది. ఒరిగిన రాళ్ల మీద అక్షరాలు నేరుగా చూస్తే కనబడవు, పక్కనుంచి వెలుగు పడినప్పుడు చదవాలి. తాళపత్రం మీద పసరు రాసిపెట్టని గంటపు గీతల్ని చదివినట్టే.